సొంత విమానం: కొనడమా, నిర్మించుకోవడమా?

అమెరికాలో చిన్న విమానం కావాలనుకున్నవారికి ఒకరు వాడిన దాన్ని కొనాలా, తామే ఒకటి నిర్మించుకోవాలా అన్న ప్రశ్న సుమారు నూరేళ్లుగా ఉన్నదే అయినా, దాని సమాధానం మాత్రం వ్యక్తుల అభిరుచి కంటే ఎక్కువగా చట్టాన్నీ మార్కెట్టునూ అనుసరించి తరతరానికీ మారుతూ వచ్చింది.

1929లో మిన్నెసోటాలోని చెర్రీ గ్రోవ్ అనే చిన్న ఊరిలో బెర్నార్డ్ పీటెన్‌పోల్ కర్రతోనూ గుడ్డతోనూ విమానం తయారుచేసి, దానికి ఫోర్డ్ మోడల్-ఎ కారు ఇంజన్ను బిగించి ఎగరేశాడు. ఎయిర్ క్యాంపర్ అన్న ఆ రెండు సీట్ల విమానం నమూనాలు ఆర్థిక మాంద్యం రోజుల్లో పత్రికలో అచ్చుకావడంతో, డబ్బు లేకపోయినా వడ్రంగం వస్తే చాలునన్న నమ్మకం చాలామందిలో కలిగింది. అయితే ఎగరడానికి తగినదని ప్రభుత్వం ఇచ్చే యోగ్యతాపత్రం లేని విమానాలపై ఆంక్షలు బిగిసి, 1938 నాటి పౌర విమానయాన చట్టం తరువాత ఇంటి నిర్మాణానికి దారి దాదాపు మూసుకుపోయింది.

యుద్ధం ముగిశాక 1946 ఒక్క ఏడాదిలోనే ముప్పై వేలకు పైగా చిన్న విమానాలు కర్మాగారాల నుంచి వెలువడ్డాయి గాని, అంతమంది కొనుగోలుదారులు లేరు. నిర్మాణ హక్కు కోసం పోరాటం ఊపందుకున్నది సరిగ్గా ఈ సమృద్ధి కాలంలోనే కావడం గమనార్హం. పేదరికమే ఈ కోరికకు మూలమైతే అది అప్పుడు చల్లారవలసింది. ఆరెగాన్ వాసి జార్జ్ బొగార్డస్ 1947లో తన లిటిల్ జీ బీ విమానంలో దేశాన్ని దాటి వాషింగ్టన్ చేరి అధికారులకు మొరపెట్టుకోగా, 1952 నాటికి 'ఔత్సాహిక నిర్మిత ప్రయోగాత్మక విమానం' అన్న తరగతి నిబంధనల్లో స్థిరపడింది. మరుసటి ఏడాదే పాల్ పోబెరెజ్నీ మిల్వాకీలో ప్రయోగాత్మక విమానాల సంఘాన్ని స్థాపించాడు. విమానంలో సగానికి మించిన పనిని విద్య కోసమో వినోదం కోసమో ఔత్సాహికులే చేసి ఉండాలన్నది ఈ తరగతికి మూల షరతు. వాడుకలో దీన్నే 51 శాతం నియమం అంటారు.

అసలు మలుపు 1978 తరువాత వచ్చింది. ఆ ఏడాది పదిహేడు వేలకు పైగా చిన్న విమానాలను అమ్మిన అమెరికన్ పరిశ్రమ, మాంద్యం వల్లనూ, ప్రమాదం జరిగితే ఎన్నేళ్ల క్రితం తయారైన విమానానికైనా తయారీదారుపై దావా వేసే వీలుండడం వల్లనూ కుదేలై, 1994లో వెయ్యి కూడా అమ్మలేకపోయింది. సెస్నా 1986లోనే ఒక ఇంజను పిస్టన్ విమానాల తయారీని ఆపేసింది. పద్ధెనిమిదేళ్లు దాటిన విమానాలపై దావాలను 1994 నాటి చట్టం నియంత్రించాక ఆ సంస్థ తయారీని పునఃప్రారంభించింది గాని, కొత్త వాటి ధర సామాన్యులకు అందలేదు. ఈ మధ్యకాలంలో సెకండ్‌హ్యాండ్ విమానం అంటే ముసలి విమానమే అయింది. బర్ట్ రూటాన్ ఫైబర్‌గ్లాస్ నమూనాలూ, రిచర్డ్ వాన్‌గ్రున్స్‌వెన్ అల్యూమినియం ఆర్‌వీ కిట్లూ ఆ ఖాళీలోకే ప్రవేశించాయి. కిట్ అంటే ముందే కోసి, వంచి ఇచ్చిన భాగాల సముదాయమే. రంధ్రాలు సరిచేసి రివెట్లు కొట్టే శ్రమ కొన్నవారిదే, అదీ సాధారణంగా వెయ్యి గంటలకు మించుతుంది.

ఆ శ్రమకు దక్కే ప్రతిఫలం వేగం ఒక్కటే కాదు. కర్మాగారపు విమానానికి ఏటా జరిగే తనిఖీపై ప్రత్యేక అధికారం గల మెకానిక్ సంతకం తప్పనిసరి కాగా, స్వయంగా నిర్మించిన వ్యక్తి మరమ్మతుదారు ధ్రువపత్రం పొందితే తన విమానాన్ని తానే తనిఖీ చేసుకోవచ్చు. మీటర్లూ రేడియోలూ మార్చుకోవడంలోనూ అతడికి స్వేచ్ఛ ఎక్కువ. మరొకరు నిర్మించిన కిట్ విమానాన్ని కొనడమనే మూడో దారి ఈ రెంటి మేలూ ఒకేచోట దక్కుతుందన్న భ్రమ కలిగిస్తుంది గాని, ఆ ధ్రువపత్రం నిర్మాతకే చెందినది, విమానంతోపాటు చేతులు మారదు; అందువల్ల అలాంటి విమానం కొన్నవారు దశాబ్దాలపాటు ఏటా ఆ సంతకం కోసం నిర్మాతనో, మెకానిక్‌నో వెతుక్కోవలసి వచ్చింది.