మోకాలికీ సరిహద్దు రాళ్ళున్నాయి

1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత అవనిగడ్డ తాలూకా కచేరీలో గుమాస్తాగా పనిచేశాను. నాగాయలంక వైపు పొలాల్లో గట్లు చెదిరిపోయాయి. సర్వేయరుగారు కనిపించిన గట్టును నమ్మేవారు కాదు. కదలని రాయి ఒకటి వెతికి, ఎఫ్.ఎం.బి. నకలు దగ్గర పెట్టుకుని, అక్కడి నుంచి గొలుసు లాగించేవారు. దాదాపు నలభై ఏళ్ళకు అదే పద్ధతి ఎముకల డాక్టరుగారి దగ్గర చూస్తాననుకోలేదు.

గుడివాడలో మా వదినగారికి మోకాలు మార్చారు. ఏ ఆస్పత్రో రాయను. తొడ ఎముకకు తొడిగిన లోహభాగం కాస్త లోపలికి తిరిగి కూర్చుందట. చిప్ప పక్కకు జారేది, మెట్లెక్కితే ప్రాణం పోయేది. రెండేళ్ళకు మళ్ళీ కోశారు. అది చూసి మా ఇంటావిడ మూడేళ్ళు ఆస్పత్రి గడప తొక్కనంది. ఆవిడకు నచ్చచెప్పడానికే ఈ చరిత్ర తిరగేశాను.

1890లో బెర్లిన్‌లో గ్లూక్ అనే సర్జన్ ఏనుగు దంతంతో మడతబందు మోకాలు చేసి పెట్టాడు. చీము పట్టి నిలవలేదు. 1968లో కెనడా డాక్టరు గన్‌స్టన్ ఇంగ్లండులో ఛార్న్లీ దగ్గర పనిచేస్తూ లోహం ప్లాస్టిక్ మీద జారే మోకాలు అమర్చాడు. 1974లో న్యూయార్కులో ఇన్సాల్, మన దేశంలో పుట్టిన రణావత్ మొదలైనవారు తెచ్చిన నమూనాయే నేటి మోకాళ్ళలో చాలావాటికి మూలపురుషుడు.

వస్తువు బాగుంటే చాలదు, కూర్చోబెట్టడం కుదరాలి. తుంటి బంతి నడిమి నుంచి చీలమండ నడిమికి దారం పడితే అది మోకాలి మధ్యగా పోవాలి. విల్లులా వంగిన కాళ్ళలో లోపలి పక్కకు పడుతుంది. తొడ ఎముక ఈ దారానికి సుమారు 6 డిగ్రీలు వాలి ఉంటుంది కనుక ఆ మేరకు లెక్క వేసి కోస్తారు.

మెలిక లెక్క ఇంకా కష్టం. తొడ ఎముక వెనక ఉన్న రెండు గుండ్రటి భాగాలను ఆధారం చేసుకుని 3 డిగ్రీలు బయటికి తిప్పడం ఒక పద్ధతి. కాని అరిగిన ఎముక చెదిరిన గట్టులాంటిదే. బయటి గుండ్రం చిన్నబోయిన మోకాలిలో కొలత లోపలికి తప్పుతుంది. అందుకని 1993లో బెర్గర్ బృందం ఎముకకు ఇరుపక్కలా ఉన్న గుబ్బలను కలిపే గీతను ఆధారంగా చూపింది. 1995లో వైట్‌సైడ్ బృందం చిప్ప జారే గాడి వెంట పోయే గీతను చూపింది. ఈ రెండూ దాదాపు లంబంగా ఉంటాయి గనుక ఒకదాని తప్పు రెండోది పట్టిస్తుంది. కింది ఎముకకు గుర్తు చిప్ప కింద మన వేలికే తగిలే గడ్డ. అందులో లోపలి మూడోవంతు.

2016లో విజయవాడలో డాక్టరుగారు తుంటి నుంచి పాదం దాకా తీసిన ఎక్స్‌రే మీద స్కేలు పెట్టి గీత గీసి చూపారు. మా ఆవిడ అది చూశాకే సంతకం పెట్టింది. ఆ మరుసటి ఆగస్టులోనే కేంద్రం మామూలు కోబాల్ట్ క్రోమియం మోకాలికి, పన్ను కాక, 54,720 రూపాయలు గరిష్ఠ ధరగా కట్టింది. మాకా లాభం దక్కలేదు.

ఇప్పుడు రోబోలు వచ్చాయి. వాటికి కూడా డాక్టరు సూదిమొనతో ఎముకను తాకి చూపాల్సిందే. మా ఆవిడ రెండో మోకాలు ఇంకా అలాగే ఉంది. వేసవి వెళ్ళాక చూద్దామంటోంది.