బ్యారీ సిల్క్‌మన్: మైదానం నుంచి ఒప్పందాల బల్ల వరకు

ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో ఒకే క్లబ్‌కు ఆడి కీర్తి గడించినవారు కొద్దిమందే. క్లబ్ వెంట క్లబ్ మారుతూ జీవిక సాగించినవారే అధికం. 1952లో లండన్‌లో జన్మించిన మిడ్‌ఫీల్డర్ బ్యారీ సిల్క్‌మన్ ఈ రెండవ కోవకు చెందినవారు. ఆట విరమించిన అనంతరం ఆయన ఆటగాళ్ల ఏజెంటుగా స్థిరపడ్డారు.

క్రీడా జీవితం

1974లో హెర్‌ఫోర్డ్ యునైటెడ్‌లో చేరడంతో ఆయన లీగ్ ప్రస్థానం ఆరంభమైంది. 1976లో ఆ క్లబ్ మూడవ డివిజన్ విజేతగా నిలిచింది. అటుపై క్రిస్టల్ ప్యాలెస్, ప్లిమత్ ఆర్గైల్ జట్లకు ఆడారు. ప్లిమత్‌లో ఆయనకు శిక్షకుడైన మాల్కమ్ ఆలిసన్ మాంచెస్టర్ సిటీకి మారి, 1979లో సిల్క్‌మన్‌ను కూడా అక్కడికి రప్పించారు. అత్యున్నత శ్రేణిలో ఆ అవకాశం ఎంతో కాలం నిలువలేదు. ఇజ్రాయెల్‌కు చెందిన మక్కాబీ టెల్ అవీవ్, లండన్‌లోని బ్రెంట్‌ఫర్డ్, క్వీన్స్ పార్క్ రేంజర్స్ క్లబ్‌ల మీదుగా 1981లో ఓరియంట్ చేరి, 1985 వరకు అక్కడే కొనసాగారు.

మారిన నిబంధనలు

ఇంగ్లండ్‌లో 1961 వరకు ఆటగాడి వేతనానికి గరిష్ఠ పరిమితి ఉండేది. చివరికి అది వారానికి 20 పౌండ్లు. ఒప్పందం ముగిసినా ఆటగాడిని క్లబ్ తన వద్దే నిలిపి ఉంచగల పద్ధతి అన్యాయమని 1963లో జార్జ్ ఈస్ట్‌హామ్ వ్యాజ్యంలో న్యాయస్థానం తేల్చింది. ఒప్పందం ముగిశాక క్లబ్ మారే స్వేచ్ఛ 1978లో లభించినా, బదిలీ రుసుము మాత్రం తొలగిపోలేదు. 1995 నాటి బోస్‌మన్ తీర్పుతో ఐరోపా సమాఖ్య దేశాల మధ్య ఆ రుసుము కూడా రద్దయింది. క్లబ్‌కు మిగిలిన సొమ్ములో అధిక భాగాన్ని ఆటగాడు వేతనంగా కోరే వీలు కలిగింది. ఆ బేరసారాలు నడిపే ఏజెంటుకు ప్రాధాన్యం పెరిగింది.

పదే పదే క్లబ్‌లు మారిన ఆటగాడికి ఈ వృత్తిలో ఒక అనుకూలత ఉంది. శిక్షకుడు మారితే జట్టులో స్థానం ఎలా చేజారుతుందో, ఒప్పందం చివరి ఏడాది ఎంత ఆందోళన కలిగిస్తుందో అతడికి అనుభవపూర్వకంగా తెలుసు. ఎన్నో క్లబ్‌లలో ఏర్పడిన పరిచయాలే అతడి పెట్టుబడి.

నియంత్రణ, వివాదం

ఏజెంటు ఎవరి పక్షాన నిలుస్తాడన్నదే అసలు ప్రశ్న. ఒకే బదిలీలో ఆటగాడి నుంచీ, క్లబ్ నుంచీ రుసుము అందుకుంటే ప్రయోజనాల సంఘర్షణ తప్పదు. 2015లో లైసెన్సు విధానాన్ని విరమించిన ఫిఫా, 2023లో రాత పరీక్షతో సహా దానిని పునరుద్ధరించింది. ఏడాదికి 2 లక్షల డాలర్లలోపు వేతనంపై 5 శాతం, ఆపై మొత్తంపై 3 శాతం రుసుము పరిమితి విధించింది. ఐరోపాలో న్యాయ వివాదాలు తలెత్తడంతో ఆ పరిమితి అమలును 2023 డిసెంబరులో నిలిపివేసింది.

మన ఆటగాళ్లకు వర్తించే అంశం

2014లో ఇండియన్ సూపర్ లీగ్ ఆరంభమయ్యాక భారత్‌లోనూ వృత్తి ఒప్పందాల ప్రాధాన్యం పెరిగింది. ఫిఫా నిబంధనల ప్రకారం ఏజెంటుకు లైసెన్సు ఉండాలి, ఒప్పందం లిఖితపూర్వకంగా ఉండాలి, దాని గడువు రెండేళ్లు మించరాదు. మైనరు విషయంలో సంరక్షకుల సమ్మతి తప్పనిసరి. ఆటగాడి వృత్తి జీవితం స్వల్పం. అందువల్ల సంతకానికి ముందే ఈ అంశాలను పరిశీలించుకోవడం శ్రేయస్కరం.