మబ్బులకు రిజిస్టరు పెట్టిన చిత్రకారుడు

తాలూకా ఆఫీసులో పనిచేసిన మిత్రులకు రెయిన్‌గేజి జ్ఞాపకం ఉండే ఉంటుంది. పొద్దున్న ఎనిమిదిన్నరకల్లా అందులోని నీళ్ళు కొలిచి, మిల్లీమీటర్లు రిజిస్టరులో ఎక్కించి, జిల్లా కేంద్రానికి తెలియపరచాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో నాలుగేళ్ళు ఆ పని నాదే. ఆ నాలుగేళ్ళలో ఒక్కనాడైనా తలెత్తి మబ్బుకేసి చూసిన గుర్తు లేదు. మనకు కావలసింది అంకె.

నాకు నూటయాభై ఏళ్ళ ముందు ఇంగ్లండులో ఒకాయన ఇటువంటి రిజిస్టరే పెట్టాడు. కాని అంకెలకు బదులు మబ్బుల్నే ఎక్కించాడు. ఆయన పేరు జాన్ కానిస్టేబుల్. పేరు చూసి పోలీసు శాఖ మిత్రులు పొరబడవద్దు, ఆయన చిత్రకారుడు.

కానిస్టేబుల్ 1776లో సఫోక్ ప్రాంతంలో పుట్టాడు. తండ్రికి పిండిమరలు, ధాన్యం వ్యాపారం ఉండేవి. కుర్రతనంలో సుమారు ఏడాదిపాటు గాలిమర దగ్గర పనిచేశాడు. గాలి ఎప్పుడు ఎటు తిరుగుతుందో ఆకాశం చూసి పసిగట్టకపోతే మర రెక్కలు దెబ్బతింటాయి. అందుచేత మబ్బు చదవడం ఆయనకు సరదాగా కాక, బతుకుతెరువుగా అబ్బింది.

ఆ రోజుల్లో గొప్ప చిత్రమంటే పురాణ పురుషులూ, యుద్ధాలూ. పొలాలూ చెట్లూ వేసేవాడికి పెద్ద మర్యాద లేదు. ఆకాశమైతే నాటకంలో వెనకతెర లాంటిది. కానిస్టేబుల్ దీన్ని ఒప్పుకోలేదు. ప్రకృతి చిత్రంలో మనసును పలికించేది ముఖ్యంగా ఆకాశమేనని 1821 అక్టోబరులో ఫిషర్ అనే మిత్రుడికి ఉత్తరం రాశాడు. ఊరికే రాయడం కాదు, అప్పటికే ఆ పనిలో మునిగి ఉన్నాడు.

ఆ పని సాగిన చోటు లండనుకు ఉత్తరాన, కాస్త ఎత్తు మీదున్న హాంప్‌స్టెడ్. ఆయన భార్య మరియాకు క్షయ. మంచి గాలి కోసం 1819 నుంచి అక్కడ ఇల్లు అద్దెకు తీసుకుంటూ వచ్చారు. 1821, 1822 సంవత్సరాల్లో అక్కడి మైదానంలో కూర్చుని చిన్న చిన్న కాగితాల మీద తైలవర్ణాలతో చకచకా మబ్బులు వేశాడు. కొన్నింటిలో నేలే కనబడదు. వాటిలో చాలావాటి వెనక ఆయన స్వహస్తాలతో తేదీ, వేళ, గాలి ఏ దిక్కునుంచి వీస్తున్నదీ రాశాడు. కొన్నింటిమీద తరువాత వాన పడిందీ లేనిదీ కూడా. ఫైలు వెనక నోటు రాసే అలవాటున్న మనలాంటి వాళ్ళకు ఇది చదివితే ముచ్చటేస్తుంది. ఈనాడు లోకమంతా ‘హే వెయిన్’ అని పిలిచే గడ్డిబండి చిత్రాన్ని 1821లో రాయల్ అకాడమీలో పెట్టినప్పుడు దానికి ఆయన ఇచ్చిన పేరులో బండి ప్రసక్తే లేదు. ‘ప్రకృతి దృశ్యం: మధ్యాహ్నం’, అంతే. స్వదేశంలో పెద్దగా గిరాకీ లేని ఆ చిత్రానికి 1824లో పారిస్‌లో బంగారు పతకం వచ్చింది.

1828 జనవరిలో మరియాకు ఏడో కాన్పు. నవంబరులో ఆమె చనిపోయింది. ఆపైన మూడు నెలలకు, తన 52వ ఏట, ఆయన్ను రాయల్ అకాడమీ పూర్తి సభ్యుడిగా ఎన్నుకున్నారు, అదీ ఒక్క ఓటు ఆధిక్యంతో. ఆ ప్రమోషను సంగతి ఇంటికి వెళ్ళి చెప్పడానికి ఇంట్లో మనిషి లేదు.

అప్పుడాయన ఒక పాత కాగితం బయటికి తీశాడు. 1814లో, పెళ్ళికి రెండేళ్ళ ముందు, థేమ్స్ నది సముద్రంలో కలిసేచోట హాడ్లీ అనే పాడుబడ్డ కోటను చిన్న నోటుపుస్తకంలో పెన్సిలుతో గీసుకున్నాడు. ఆ చోటు సంగతి మరియాకు ఉత్తరంలో కూడా రాశాడు. ఆ గీతల్నే పెద్ద చిత్రంగా పెంచి 1829లో ప్రదర్శించాడు. పేరులోనే చెప్పాడు, తుఫాను రాత్రి గడిచిన ఉదయమని. నిలువునా చీలిన బురుజు, ఒక కాపరి, కుక్క, దూరాన సముద్రం మీద మబ్బుల సందునుంచి దిగిన వెలుగు. రంగును కత్తితో మెత్తినట్టుంటుంది. తెల్లవారింది గాని ఎవరికోసం తెల్లవారిందో తెలియనట్టుంటుంది.

నేను దాన్ని చూసింది 2019లో, మా ఇంటావిడ పోయిన రెండో ఏడు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి న్యూ హేవెన్ ఊళ్ళోని యేల్ విశ్వవిద్యాలయం వారి చిత్రశాలకు తీసుకెళ్ళాడు. ఆ చిత్రం ముందు నిలబడ్డప్పుడు ఆవిడ పోయిన రోజున మబ్బు పట్టిందా, ఎండ కాసిందా అని గుర్తుచేసుకోబోయాను. రాలేదు. అబ్బాయిని అడిగితే వాడూ చెప్పలేకపోయాడు.

హాడ్లీ కోట ప్రదర్శించిన ఆ 1829లోనే అమెరికా నుంచి థామస్ కోల్ అనే 28 ఏళ్ళ చిత్రకారుడు లండను వచ్చాడు. నిజానికి ఇంగ్లండులో పుట్టినవాడే, 1818లో కుటుంబంతో వలసపోయాడు. లండనులో కానిస్టేబుల్‌ను కలిశాడు. కోల్ కూడా పెన్సిలు బొమ్మల మీద రంగుల వివరాలు రాసుకునే మనిషే. కానిస్టేబుల్ పోయినదానికి దుఃఖించాడు, కోల్‌ది పోబోయేదాన్ని గురించిన దిగులు. 1836లో ఆయన వేసిన ‘ఆక్స్‌బౌ’లో ఎడమవైపు విరిగిన చెట్లు, అడవి, దానిమీద ఉరుముల మబ్బు. కుడివైపు కనెక్టికట్ నది వంపులో చదునుచేసిన పొలాలు, వాటిమీద శుభ్రమైన ఎండ. మబ్బు తొలగిపోయి సేద్యం వచ్చిందన్న సంతోషమే ఇందులో ఉందనేవారున్నారు. నాకు మాత్రం అలా అనిపించదు. అడవుల మీద పడుతున్న గొడ్డలిని గురించి బాధపడుతూ ఆయన వ్యాసం రాసింది కూడా 1836లోనే.

కోల్ శిష్యుడు ఫ్రెడరిక్ చర్చ్ 1860లో వేసిన ‘అడవిలో సంధ్య’ చిత్రంలో మనిషన్నవాడే లేడు, ఆకాశమంతా నెత్తురు రంగు. మరుసటి ఏడాది అక్కడ అంతర్యుద్ధం మొదలయింది కాబట్టి అది ముందే తెలిసి వేశాడని కొందరి ఊహ. చిత్రకారుడేమీ పంచాంగం చెప్పడు. దేశంలో అందరి గుండెల్లో ఉన్న బెదురు ఆయనలోనూ ఉండి ఉంటుంది. కాడ్మియం పసుపు వంటి కొత్త రంగులు బజారులోకి రావడం కూడా ఒక కారణమే.

పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళే సభ్యులు న్యూ హేవెన్ చిత్రశాల చూడవచ్చు, ప్రవేశ రుసుము లేదు. హాడ్లీ కోటతోపాటు కొన్ని మబ్బు బొమ్మలు కూడా అక్కడివే. ‘ఆక్స్‌బౌ’ న్యూయార్కులో మెట్రొపాలిటన్ మ్యూజియం వారిది. గోడకున్న బొమ్మ వెనకవైపు మనకెవరూ చూపించరు. మబ్బుల తేదీలు, వేళలు కావాలంటే కేటలాగు అడిగి చూసుకోవాలి.