మార్దంగికుడు ఎవరు? వాద్యకారుల నామాలు, ఏటికొప్పాక శిల్పం

వరాహ నదీతీరంలో, ఎలమంచిలికి సమీపాన ఉన్న ఏటికొప్పాక గ్రామం లక్కబొమ్మలకు ప్రసిద్ధం. అంకుడు కర్రను లేతుపై తిప్పుతూ ఉలితో రూపం తీరుస్తారు. తిరుగుతున్న ఆ కర్రకే రంగు లక్కను ఒత్తి పడతారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను అంటుకొంటుంది. పిమ్మట మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు. ఆ బొమ్మలలో డోలు, సన్నాయి పట్టిన మేళగాళ్ళ బొమ్మలూ ఉంటాయి. కొలువులో ఆ వరుసను చూపి వీరెవరని పిల్లలు అడిగితే "మేళంవాళ్ళు" అని పెద్దలు ఒక్క మాటలో చెబుతారు. శాస్త్రం మాత్రం అంత సులభంగా ఒక్క మాటతో సరిపెట్టదు. మద్దెల వాయించేవానికి ఒక పేరు, వీణ మీటేవానికి వేరొక పేరు, వేణువు ఊదేవానికి మరొకటి. అవి ఏర్పడిన తీరు మాత్రం ఏటికొప్పాక వడ్రంగికి చాలా దగ్గరిది.

పాణిని వ్యాకరణంలో ఈ నామాలు శిల్పప్రకరణంలో వస్తాయి. మృదంగం వాయించడం ఎవని శిల్పమో అతడు మార్దంగికుడు. వీణావాదనం శిల్పమైనవాడు వైణికుడు. మడ్డుకం, ఝర్ఝరం అనే వాద్యాలను వాయించేవారికి ప్రత్యేకంగా ఒక సూత్రమే ఉంది. చేతులతో తాళం వేసే పాణిఘుడు, పాడే గాథకుడు, గాయనుడు కూడా ఆయన దృష్టిలో శిల్పులే. నర్తక శబ్దం సిద్ధించే సూత్రానికి వార్తికకారుడు చూపిన ధాతువులు మూడే: ఆడటం, త్రవ్వటం, రంగు వేయటం. అంటే నర్తకుడు, ఖనకుడు, రజకుడు ఒకే పంక్తిలో నిలిచారు. నేడు లలితకళ అనీ చేతివృత్తి అనీ గీసే గీత ఆ వ్యాకరణంలో కనబడదు. కౌషీతకి బ్రాహ్మణం నృత్య గీత వాదిత్రాలు మూడింటినీ కలిపి శిల్పమన్నది. ఐతరేయ బ్రాహ్మణం శిల్పాన్ని ఆత్మసంస్కారంగా దర్శించింది.

క్రీస్తుపూర్వం రెండవ శతాబ్దపు పతంజలి మహాభాష్యంలో ఇక్కడే ఒక చిక్కుప్రశ్న వేశాడు. మృదంగం ఎవని శిల్పమో అతడు మార్దంగికుడైతే, ఆ పేరు కుమ్మరికి కూడా చెల్లాలి కదా! మృత్తు అంగంగా గల వాద్యం మృదంగం. మట్టితో దానిని చేసినవాడు కుమ్మరి. శబ్దార్థాన్ని ఉన్నదున్నట్టు తీసుకుంటే ఆ వాద్యం నిజంగా అతని శిల్పమే. పతంజలి సమాధానం చిన్నది. మృదంగ శబ్దం తరువాత "వాదన" అనే పదం లోపించిందని గ్రహించాలి. వాయించడమే ఇక్కడ శిల్పం. లోకవ్యవహారం అదే గనుక ఆ నిర్ణయాన్ని తప్పుపట్టలేము. అయినా ఆ ఒక్క లోపంతో చేసినవాడు పేరులోనుండి తొలగిపోయాడు, వాయించినవాడు మిగిలాడు. భాష్యకారుడు ప్రశ్న వేసి ఉండకపోతే కుమ్మరికి ఆ పేరుపై హక్కు ఉండవచ్చునన్న ఊహ కూడా ఎవరికీ రాదు.

పేరు దక్కినవానికి గౌరవం దక్కిందా? యజ్ఞంలో సామం పాడిన ఉద్గాతకు, అతనితోడి ప్రస్తోతకు, ప్రతిహర్తకు ఋత్విక్పదవి లభించింది. గానంతో జీవించే గాయనునికి అది లభించలేదు. ఎవరి అన్నం భుజింపరాదో చెప్పే చోట మనుస్మృతి నాలుగవ అధ్యాయం దొంగనూ గాయనుణ్ణీ ఒక్క సమాసంలో చేర్చి, వెంటనే వడ్రంగినీ వడ్డీవ్యాపారినీ పేర్కొన్నది. గాయనుడూ వడ్రంగీ ఇక్కడ మళ్ళీ ఒకే పంక్తిలో చేరారు, కాని ఈసారి భోజనపంక్తికి వెలుపల. యాజ్ఞవల్క్యస్మృతి ధోరణి పూర్తిగా వేరు. వీణావాదన తత్త్వం తెలిసి, శ్రుతిజాతులలో నిపుణుడై, తాళజ్ఞానం కలవాడు అప్రయాసంగా మోక్షమార్గాన్ని పొందుతాడని అది చెబుతుంది. రెండూ స్మృతులే. ఒకటి జీవికను చూసింది, మరొకటి జ్ఞానాన్ని చూసింది అని సమన్వయం చేయవచ్చు. కాని పొట్ట కోసం వీణ పట్టిన జ్ఞానిని ఏ పంక్తిలో కూర్చోబెట్టాలో ఆ సమన్వయం చెప్పదు.

పదమూడవ శతాబ్దంలో దేవగిరి యాదవుల ఆస్థానంలో శార్ఙ్గదేవుడు సంగీతరత్నాకరం రచించే నాటికి ఈ నామావళి బాగా విస్తరించింది. మాటను, ధాతువును, అనగా సాహిత్యాన్నీ స్వరరచననూ, రెండింటినీ కూర్చేవాడు వాగ్గేయకారుడు. ఇతరుల బాణీకి మాటలు అతికేవాడు కుట్టికారుడు. మార్గ దేశి సంగీతాలు రెండూ తెలిసినవాడు గాంధర్వుడు, మార్గం మాత్రమే తెలిసినవాడు స్వరాది. ఒంటరిగా పాడితే ఏకలుడు, జంటగా పాడితే యమలుడు. ఉత్తమ బృందానికి నలుగురు ముఖ్యగాయకులు, 8 మంది సహగాయకులు, 12 మంది గాయనులు, నలుగురు వాంశికులు, నలుగురు మార్దంగికులు కావాలి. 32 మందిలో 12 మంది స్త్రీలన్నది గమనార్హం. ఈ గ్రంథానికి సుధాకర వ్యాఖ్య రాసినవాడు తెలుగు ప్రభువు, రాచకొండ రేచర్ల సింగభూపాలుడు. వాగ్గేయకార శబ్దం త్యాగయ్య, అన్నమయ్యల పేర్లతో తెలుగువారి నిత్యవ్యవహారంలో నిలిచింది. కుట్టికారుణ్ణి మాత్రం అందరూ మరచారు. బాణీలకు మాటలు కట్టే పని నేటికీ జోరుగా సాగుతున్నా ఆ పేరుతో పిలిపించుకోవడానికి ఎవరూ ముందుకు రారు!

తెలుగులో ఈ నామాలకు ప్రత్యయమే అంతస్తును నిర్ణయించింది. వైణికుడు, మార్దంగికుడు, విద్వాంసుడు సభలో కూర్చుంటారు. పాటగాడు, మేళగాడు, డప్పుగాడు వీధిలో నిలుస్తారు. ఉత్తరాంధ్రలో ఈ రెండు తెగల పదాలూ పక్కపక్కనే జీవించాయి. 1919లో విజయనగరంలో సంగీత కళాశాల వెలసినప్పుడు దానికి తొలి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు తనను తాను దాసుగా చెప్పుకొన్న హరికథకుడు. అక్కడే వాయులీనం బోధించిన ద్వారం వెంకటస్వామినాయుణ్ణి జనం ఫిడేలు నాయుడు అన్నారు. ఆ పిలుపులో తద్ధిత ప్రత్యయం లేకపోయినా ఆదరానికి కొరత లేదు. అదే నేలపై జముకు మీటుతూ రాత్రంతా కథ చెప్పేవారు మాత్రం "జముకులవాళ్ళు"గానే మిగిలారు. పాణిని సూత్రం ప్రకారం వారు మార్దంగికునితో సమానులైన శిల్పులు.

తయారీదారుల సంగతి ఇంకా విచిత్రం. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో సర్వసిద్ధి వంశీయులు ఒకే పనసదుంగను తొలిచి వీణను చేస్తారు. ఆ వీణను మీటినవాడు వైణికుడు. చేసినవారు "వీణలు చేసేవాళ్ళు". వైణికుని పేరు సభాపత్రంలో అచ్చవుతుంది. వీణకు మాత్రం బొబ్బిలి అనే ఊరి పేరే వస్తుంది. ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు లభించింది. సహజవర్ణాలతో ఈ కళను నిలబెట్టిన సి.వి. రాజును 2023లో పద్మశ్రీ వరించింది. లేతు ముందు కూర్చున్న మిగిలినవారందరూ లోకానికి ఏటికొప్పాక వారే.

అక్కడి మేళగాని బొమ్మలో మార్దంగికుని దేహమూ అంకుడు కర్రే, అతని మెడకు వ్రేలాడే వాద్యమూ అంకుడు కర్రే. రెండింటినీ ఒకే ఉలి చెక్కింది, ఒకే లక్క కప్పింది. పతంజలి ఎదుట ఆ బొమ్మను పెట్టి ఇది ఎవని శిల్పమని అడిగితే, "వాదన" అనే పదాన్ని ఎక్కడ చేర్చాలో ఆయన మరొకసారి ఆలోచించవలసి వచ్చేది.