భాగం 9: చెవికి దగ్గరైన శబ్దం – హెడ్‌ఫోన్ల చరిత్రలో శ్రోతల పాత్ర

9.0 లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
• టెలిఫోను కాలం నుంచి నేటి వరకు హెడ్‌ఫోన్లలో వచ్చిన ముఖ్యమైన మార్పులను వివరించగలుగుతారు.
• ఆ మార్పులలో ఇళ్లలో ప్రయోగాలు చేసిన శ్రోతల పాత్రను అంచనా వేయగలుగుతారు.
• ప్రకటనలు, శ్రోతల అనుభవాలు, కొలతలు అనే మూడు రకాల సాక్ష్యాలను వేరుచేసి చూడగలుగుతారు.

9.1 పరిచయం

సాంకేతిక పరికరాల చరిత్రను సాధారణంగా ఇద్దరి కథగా రాస్తారు. ఒకరు కనిపెట్టినవారు, రెండోవారు తయారుచేసి అమ్మినవారు. కొని వాడినవారు ఈ కథలో చివరికి వస్తారు. వచ్చినా అంకెలుగానే వస్తారు. హెడ్‌ఫోన్ల చరిత్రను ఇలా రాస్తే సగం కథ మిగిలిపోతుంది. ఇంట్లో బల్లమీద పరికరాలు పరుచుకుని, ఒక భాగం తీసి మరొకటి పెట్టి విని, తేడాను తోటివారితో పోల్చి చూసుకునే శ్రోతలు దాదాపు నూరేళ్లుగా ఉన్నారు. ఒక్కరే వినడానికి పుట్టినట్టు కనిపించే పరికరం చుట్టూ పదిమంది కలిసి పంచుకునే అభిరుచి ఎలా పెరిగింది? ఈ భాగం చదువుతున్నంతసేపూ ఈ ప్రశ్నను మనసులో ఉంచుకోండి.

9.2 టెలిఫోను నుంచి సంగీతానికి

హెడ్‌ఫోను మొదట సంగీతం కోసం పుట్టలేదు. 1880లలో టెలిఫోను ఎక్స్ఛేంజీలలో పనిచేసే ఆపరేటర్లకు రెండు చేతులూ ఖాళీగా ఉండవలసి వచ్చింది. అందుకోసం భుజానికి ఆనించి మోసే బరువైన పరికరాలు తయారయ్యాయి. నేటికీ పెద్ద ఆంప్లిఫయర్లపై కనిపించే 6.35 మిల్లీమీటర్ల ప్లగ్గు ఆ ఎక్స్ఛేంజీల స్విచ్‌బోర్డుల నుంచి వచ్చినదే.

సంగీతంతో దీనికి సంబంధం 1881లో కుదిరింది. ఆ ఏడాది పారిస్‌లో జరిగిన విద్యుత్ ప్రదర్శనలో క్లెమాన్ ఆదేర్ అనే ఇంజనీరు సంగీత నాటకశాల వేదిక వెంట మైకులు అమర్చి, అక్కడి గానాన్ని తీగల ద్వారా ప్రదర్శనశాలకు చేర్చాడు. సందర్శకులు రెండు చెవులకు రెండు రిసీవర్లు పెట్టుకుని విన్నారు. ఆ రెండింటికీ వేర్వేరు మైకుల నుంచి శబ్దం వచ్చేది కాబట్టి గాయకుడు వేదికపై ఏ వైపు నిలబడ్డాడో తెలిసేది. స్టీరియో శ్రవణానికి ఇది తొలి ఉదాహరణ. 1890 నుంచి పారిస్‌లో ఇది చందాదారుల సేవగా నడిచింది. లండన్‌లో 1895లో ఎలక్ట్రోఫోన్ పేరుతో ఇలాంటి సేవే మొదలైంది. అయితే ఈ దశలో చందాదారు చేతిలో ఏమీ లేదు. వచ్చినదాన్ని వినడమే అతని పని.

9.3 వంటగదిలో తయారీ, ఇంటింటా రేడియో

అమెరికాలోని యూటా రాష్ట్రానికి చెందిన నథానియెల్ బాల్డ్విన్ 1910లో తాను తయారుచేసిన హెడ్‌ఫోన్లను పరీక్షించమని అమెరికా నౌకాదళానికి పంపాడు. వాటి సూక్ష్మగ్రాహ్యత చూసి నౌకాదళం మరిన్ని కావాలని అడిగింది. అతనికి కర్మాగారం లేదు. వంటగదిలో కూర్చుని ఒక విడతకు పది చొప్పున మాత్రమే తయారుచేయగలనని జవాబిచ్చాడు. ఆధునిక హెడ్‌ఫోన్ల చరిత్ర ఇలా ఒక ఇంటి బల్లమీద మొదలైంది.

1920లలో రేడియో ప్రసారాలు మొదలయ్యాక ఆ బల్ల వేలాది ఇళ్లకు విస్తరించింది. నాటి స్ఫటిక రేడియోలో ఒక తీగచుట్ట, గాలెనా అనే సీసపు ఖనిజపు ముక్క, దాన్ని తాకే సన్నని తీగ, ఒక హెడ్‌ఫోను ఉండేవి. బ్యాటరీ అక్కరలేదు, ఏరియల్ పట్టిన తరంగాల శక్తితోనే శబ్దం వినిపించేది. విద్యుత్ తరంగాలను గాలెనా స్ఫటికంతో గుర్తించే పరికరానికి జగదీశ్ చంద్ర బోస్ 1904లోనే అమెరికా పేటెంటు పొందాడన్నది ఇక్కడ గుర్తుంచుకోదగిన విషయం. రాయిమీద సరైన చోటు దొరికేదాకా తీగను కదుపుతూ ఉండాలి. ఒకరికి దొరికిన కిటుకు మరొకరికి చెప్పడంతో రేడియో క్లబ్బులు ఏర్పడ్డాయి. కోస్తా ఆంధ్ర, రాయలసీమ అప్పట్లో భాగంగా ఉన్న మద్రాసు ప్రెసిడెన్సీలో 1924లో ఏర్పడిన రేడియో క్లబ్బు స్వయంగా ప్రసారాలు మొదలుపెట్టింది. డబ్బు చాలక 1927లో అవి ఆగిపోయాయి. మన ప్రాంతంలో ప్రసార చరిత్ర ప్రభుత్వం కంటే ముందు ఔత్సాహికులతో మొదలైందని మీరు గమనించాలి.

ఇంట్లో హెడ్‌ఫోను ఒక్కటే ఉన్నప్పుడు కుటుంబం ఏంచేసేది? దాన్ని ఒక గిన్నెలో పెట్టేవారు. గిన్నె గోడలకు తగిలి శబ్దం కొంచెం పెరిగి చుట్టూ కూర్చున్నవారికి వినిపించేది. ఒక్కరి పరికరాన్ని నలుగురిది చేసుకున్న తొలి ప్రయత్నాలలో ఇదొకటి.

9.4 స్టీరియో యుగం

లౌడ్‌స్పీకర్ల రాకతో హెడ్‌ఫోన్లు వృత్తిపనులకు పరిమితమయ్యాయి. 1937లో జర్మనీకి చెందిన బేయర్ సంస్థ తెచ్చిన డీటీ 48 వంటివి స్టూడియోలలో వాడుకలోకి వచ్చాయి. వీటిని మళ్లీ ఇంటికి తెచ్చినవాడు జాన్ కాస్ అనే జాజ్ సంగీతకారుడు. 1958లో అమెరికాలోని మిల్వాకీ నగరంలో జరిగిన ప్రదర్శనకు అతను ఒంటరిగా వినేందుకు వీలైన రికార్డు ప్లేయరును తెచ్చాడు. దానికి తోడుగా స్టీరియో హెడ్‌ఫోన్లు పెట్టాడు. జనం ప్లేయరును వదిలేసి హెడ్‌ఫోన్ల చుట్టూ చేరారు. ఏది ప్రధానమో, ఏది అనుబంధమో నిర్ణయించింది అక్కడి శ్రోతలే.

ఆ తరవాత రెండు దారులు తెరుచుకున్నాయి. జపాన్‌లోని స్టాక్స్ సంస్థ 1960 నాటికి అతి పలుచని పొరను స్థిరవిద్యుత్ బలంతో కదిలించే ఖరీదైన హెడ్‌ఫోన్లు తెచ్చింది. 1968లో జర్మనీకి చెందిన సెన్‌హైజర్ హెచ్‌డీ 414 ద్వారా వెనుకవైపు తెరిచి ఉండే తేలికైన నమూనాను పరిచయం చేసింది. చెవిని మూసెయ్యకపోవడం వల్ల శబ్దం గదిలో వినిపిస్తున్నట్టు సహజంగా ఉంటుంది. అయితే బయటి శబ్దం లోపలికీ, లోపలి శబ్దం బయటికీ వెళుతుంది. ఇంటి బల్లకు, బస్సు ప్రయాణానికి వేర్వేరు హెడ్‌ఫోన్లు కావలసిరావడానికి కారణం ఇదే.

9.5 వాక్‌మన్: ఒంటరితనంపై అనుమానం

1979 జులైలో సోనీ విడుదల చేసిన తొలి వాక్‌మన్‌కు రెండు హెడ్‌ఫోను రంధ్రాలు, పాట మధ్యలో ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఒక మీట ఉండేవి. ఒక్కరే వినడం పక్కవారిపట్ల మర్యాద కాదేమోనన్న అనుమానం సంస్థ అధినేత అకియో మొరిటాకు ఉండేది. కొన్నవారు మాత్రం ఎవరి వాక్‌మన్ వారిదేనన్నట్టు వాడుకున్నారు. తరవాతి నమూనాలలో ఆ రెండో రంధ్రం, ఆ మీట మాయమయ్యాయి. పరికరంలో ఉన్నదాన్ని మాత్రమే కాక, ఒకప్పుడు ఉండి పోయినదాన్ని కూడా చరిత్ర విద్యార్థి చదవాలి.

9.6 బల్లమీది అమరిక

1982లో వచ్చిన కాంపాక్ట్ డిస్కు శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి 16 బిట్ల అంకెలుగా నిలవచేసింది. అంకెలను తిరిగి విద్యుత్ సంకేతంగా మార్చే పరికరాన్ని డాక్ అంటారు. ఆ సంకేతానికి బలమిచ్చేది ఆంప్లిఫయరు. కంప్యూటరు, డాక్, ఆంప్లిఫయరు, హెడ్‌ఫోను అనే నాలుగింటి గొలుసే నేటి బల్లమీది అమరిక.

ఈ గొలుసులో ఔత్సాహికులు ఎక్కువగా చర్చించేది ఇంపెడెన్స్ గురించి. దీన్ని ఓములలో కొలుస్తారు. ఫోన్లకు ఉద్దేశించిన హెడ్‌ఫోన్లు సాధారణంగా 16 నుంచి 32 ఓములు ఉంటాయి. 1997లో వచ్చిన హెచ్‌డీ 600 వంటివి 300 ఓములు. ఎక్కువ ఓములున్న వాటికి ఎక్కువ వోల్టేజి కావాలి. చిన్న పరికరాలు అది ఇవ్వలేవు. తక్కువ ఓములున్న వాటికి మరో చిక్కు ఉంది. ఆంప్లిఫయరు సొంత ఇంపెడెన్స్ హెడ్‌ఫోను ఇంపెడెన్స్‌లో ఎనిమిదో వంతు కంటే ఎక్కువైతే కొన్ని హెడ్‌ఫోన్లలో మంద్ర, తార స్వరాల పాళ్లు మారవచ్చు. 1990ల చివరలో 9 వోల్టుల బ్యాటరీతో, పిప్పరమెంటు డబ్బాలో ఇమిడే ఆంప్లిఫయర్లను ఔత్సాహికులు సొంతంగా తయారుచేసుకుని, వాటి సర్క్యూట్లను ఒకరికొకరు ఇచ్చుకున్నారు. 1920లలో గాలెనా రాయిమీద తీగ కదిపినవారికి వీరు వారసులు.

9.7 చెవి సాక్ష్యం, కొలత సాక్ష్యం

‘ఈ తీగ మార్చగానే శబ్దం విప్పారింది’ అని ఎవరైనా చెబితే ఎలా స్వీకరించాలి? వారు అబద్ధం చెబుతున్నారని అనుకోనక్కరలేదు. డబ్బు పెట్టి కొన్నదానిపై ఆశ ఉంటుంది. కాస్త బిగ్గరగా ఉన్న శబ్దం మెరుగైనదిగా తోస్తుంది. అందుకే పరిశోధకులు రెండింటి శబ్దస్థాయిని సమానం చేసి, ఏది ఏదో వినేవారికి తెలియకుండా పరీక్షిస్తారు. 2017లో జెరోన్ బ్రీబార్ట్ 283 హెడ్‌ఫోన్ల కొలతలను వాటి ధరలతో పోల్చి చూస్తే, స్వరాల సమతుల్యతకూ ధరకూ సంబంధం కనిపించలేదు. నాణ్యతకు ఇదొక్కటే కొలమానం కాదు. సౌకర్యం, మన్నిక కూడా ఉన్నాయి. అయినా ప్రకటనలను చదివేటప్పుడు ఈ ఫలితం గుర్తుండాలి.

మరొక కొలత మీ ఆరోగ్యానికి సంబంధించినది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దలకు సూచించిన పరిమితి వారానికి 40 గంటలు, 80 డెసిబెల్‌లు. శబ్దం 3 డెసిబెల్‌లు పెరిగితే సురక్షితమైన సమయం సగానికి, అంటే 20 గంటలకు తగ్గుతుంది. ఆడియో పాఠాలను బస్సు రొదలో వినే దూరవిద్యార్థి తెలియకుండానే శబ్దం పెంచుతాడు. పెద్ద శబ్దాల వల్ల పోయిన వినికిడిని ఏ ఆంప్లిఫయరూ పూర్తిగా తిరిగి తేలేదు.

9.8 సారాంశం

హెడ్‌ఫోను వృత్తిపనికి పుట్టి, ఇంటిబల్లమీద ఎదిగింది. సంస్థలు దానికి రూపమిచ్చాయి. ఏ రూపం నిలవాలో శ్రోతలు తేల్చారు. వినడం ఒక్కరిదైనా, బాగా వినడం ఎలాగో తెలుసుకోవడం మాత్రం ఎప్పుడూ నలుగురి పనిగానే సాగింది. 9.1లో వేసిన ప్రశ్నకు సమాధానం అదే.

9.9 మీ ప్రగతిని సమీక్షించుకోండి

1. 1881 పారిస్ ప్రదర్శన శ్రవణ చరిత్రలో ఎందుకు ముఖ్యమైనది?
2. తొలి వాక్‌మన్‌లోని రెండో రంధ్రం మాయమవడాన్ని చారిత్రక సాక్ష్యంగా ఎలా వాడుకోవచ్చు?
3. మీ ఊళ్లో రేడియో, టేప్‌రికార్డర్లు బాగుచేసిన పెద్దవారిని కలిసి, ఏ భాగాలను దేనితో మార్చేవారో అడిగి ఒక పేజీ రాయండి. వారి జ్ఞాపకాన్ని సరిచూసుకోవడానికి ఇంకా ఏ సాక్ష్యాలు కావాలో కూడా చెప్పండి.