కారు బ్రేక్ డిస్కులు, ప్యాడ్లు: మార్పిడి, బెడ్డింగ్

కారు బ్రేక్ డిస్కు సాధారణంగా పోత ఇనుముది. రేపల్లె, నిజాంపట్నం ప్రాంతపు ఉప్పుగాలికి త్వరగా తుప్పు పడుతుంది. తెనాలి–రేపల్లె మధ్య చదును రోడ్లకు పైన గాట్లు పెట్టిన డిస్కులు అంతగా అక్కర్లేదు, నాణ్యమైన ప్యాడ్లు చాలు. డిస్కులైనా ప్యాడ్లైనా మార్చితే ఒకే ఇరుసుకున్న రెండు చక్రాలకూ మార్చాలి. కొత్త డిస్కు మీది నూనె పూత తుడిచేయాలి. బండి కదిపే ముందు పెడల్ గట్టిపడేదాకా తొక్కాలి.

తర్వాతది బెడ్డింగ్. ఖాళీ రోడ్డుపై గంటకు 60 కి.మీ. నుంచి 15కి, పూర్తిగా ఆపకుండా, 8–10 సార్లు వేగం తగ్గిస్తారు. ఆ వేడికి ప్యాడ్ పదార్థం డిస్కుపై పలచటి పొరగా సమంగా అంటుకుంటుంది. బ్రేకు పట్టుకు ఆ పొర బాగా తోడ్పడుతుంది. కాలిన డిస్కును ప్యాడ్లతో నొక్కిపట్టి నిలిపితే పదార్థం ఒకచోటే పేరుకుని, తర్వాత పెడల్ అదురుతుంది. అందుకే చివర్న కొంతదూరం బ్రేకు దాదాపు వాడకుండా నడిపి చల్లార్చాలి. తయారీదారు సూచన వేరుగా ఉంటే దాన్నే పాటించాలి.