బుల్లెట్టు బండి పూర్వోత్తరములు



పంచకావ్యములు చదివి, వ్యాకరణము వల్లించి, ముప్పది యైదేండ్లు బడిలో తెలుగు చెప్పిన వృద్ధుడు మోటారు సైకిలును గూర్చి ప్రసంగించుట యేమి యని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. చరిత్ర యనగా రాజుల దండయాత్రలు మాత్రమే కాదు. మన ముంగిటికి వచ్చి, మన పనులలో పాలుగొని, మన మాటలలో చేరిన వస్తువున కెల్ల చరిత్ర కలదు. బుల్లెట్టు బండి చప్పుడు విననివాడు మన పల్లెలలో లేడు. అది యెవరి బిడ్డ, ఎక్కడ పుట్టెను, ఎక్కడ పెరిగెను అని యడిగినచో చెప్పగలవారు మాత్రము కొలదిమందియే. ఆ వృత్తాంతమును నేడు మనవి చేసెదను. ఇది చెప్పుటలో నా స్వకీయమైన ఋణ మొకటి కలదు. దానిని చివర విన్నవింతును.

ఇంగ్లాండు దేశమున రెడిచ్ అను పట్టణము కలదు. పూర్వ మా యూరు సూదులకు ప్రసిద్ధి. లోకమున బట్టలు కుట్టు సూదులలో అధికభాగ మా చుట్టుప్రక్కలనే తయారగుచుండెను. జార్జి టౌన్సెండు అను నాతని పేర నడచుచుండిన సూదుల సంస్థ కాలక్రమమున సైకిళ్లను గూడ చేయసాగెను. 1891లో ఆల్బర్టు ఈడీ, రాబర్టు వాకర్ స్మిత్ అను నిరువురు దానిని చేపట్టిరి. ఎన్‌ఫీల్డు అనుచోట ఆ దేశప్రభుత్వము వారి తుపాకుల కర్మాగార ముండెను. దానికి వలసిన సన్నని భాగములను చేసి యిచ్చు పని వీరికి దొరకెను. ఆ గౌరవమునకు గుర్తుగా 1893లో తమ సైకిళ్లకు రాయల్ ఎన్‌ఫీల్డు అని పేరు పెట్టిరి. ఫిరంగి బొమ్మను తమ ముద్రగా గైకొనిరి. 'తుపాకి వలె చేయబడినది' అని చాటుకొనిరి. 1901లో వారి మొదటి మోటారు సైకిలు వెలువడెను. 1932లో బుల్లెట్టు అను పేరుగల బండి పుట్టెను. తుపాకి యింట పుట్టినదానికి గుండు పేరు పెట్టుట సహజమే కదా.

రెండవ మహాయుద్ధకాలమున ఆ సంస్థవారు సేనల కొఱకు వేలకొలది బండ్లు చేసిరి. అందొకటి మిక్కిలి చిన్నది, 125 సి.సి. శక్తి గలది. దానిని ఇనుప చట్రములో నమర్చి, గొడుగు కట్టి, విమానమునుండి సైనికులతోబాటు దించెడివారు. ఎగిరెడు మిన్నల్లి యని యర్థము వచ్చు ముద్దుపేరు దానికి కలదు. యుద్ధము ముగిసిన పిదప బుల్లెట్టును క్రొత్తగా తీర్చిరి. అంతకుముందు వెనుక చక్రము చట్రమునకు బిగువుగా నుండెడిది. గోతిలో పడిన ప్రతి దెబ్బయు నెక్కినవాని వెన్నెముకకే తగిలెడిది. ఇప్పుడు వెనుక చక్రమును ఊగెడు చేతిపై నిలిపి దానికి స్ప్రింగు లమర్చిరి. ఇట్టి బండ్లు రెండు 1948లో ఇటలీ దేశమున సాన్ రెమోలో ఆఱు దినములు సాగిన పరీక్షలో పాల్గొనెను. వానిని నడపినవా రిరువురును బంగారు పతకములు పొందిరి. మఱుసటి యేట 350 సి.సి. బుల్లెట్టు అంగడికి వచ్చెను. మన మెఱిగిన బండి యిదియే.

స్వాతంత్ర్యము వచ్చిన కొలది యేండ్లకు మన సైన్యమువారికి సరిహద్దులలో గస్తీ తిరుగుటకు దృఢమైన మోటారు సైకిలు కావలసి వచ్చెను. కొండదారులకు, ఇసుకకు, చలికి ఓర్చునది కావలెను. చెడినచో అక్కడికక్కడ బాగుచేసికొన వీలైనది కావలెను. ఆ పనికి బుల్లెట్టు కుదిరెను. చెన్నపట్టణములోని మద్రాస్ మోటార్స్ అను సంస్థవారు అంతకుముందే ఈ బండ్లను దిగుమతి చేసి యమ్ముచుండిరి. 1955లో రెడిచ్ వారును వీరును కలిసి ఎన్‌ఫీల్డు ఇండియా అను సంస్థను స్థాపించి, తిరువొత్తియూరులో కర్మాగారము నెలకొల్పిరి. మొదట ఇంగ్లాండునుండి వచ్చిన భాగములను కూర్చుట మాత్రమే యిక్కడి పని. 1962 నాటికి భాగము లన్నియు నిక్కడనే తయారు కాసాగెను.

తిరువొత్తియూరు పేరు మనకు క్రొత్త కాదు. అది చెన్నపట్టణమునకు ఉత్తరమున సముద్రపుటొడ్డున నున్న శివక్షేత్రము. త్యాగరాజస్వామివారు అచ్చట త్రిపురసుందరీదేవిపై తెలుగున ఐదు కృతులు రచించిరి. వానిని తిరువొత్తియూరు పంచరత్నము లందురు. ఆ గుడిగంటలు వినబడు నూరిలోనే ఈ ఇనుపబండి మన దేశమున జన్మమెత్తెను.

ఇక ఆ చప్పుడు సంగతి. ఇతర బండ్లు గొణుగును, బుల్లెట్టు మాత్రము అడుగు లెన్నిపెట్టునట్లు కొట్టును. దీనికి కారణము యంత్రపు కొలతలలో నున్నది. దానికి సిలిండరు ఒక్కటే. దాని లోపలి వెడల్పు 70 మిల్లీమీటర్లు, పిస్టను క్రిందికి మీదికి నడచు దూరము 90 మిల్లీమీటర్లు. వెడల్పుకంటె నడక యెక్కువ. నాలుగు నడకల కొకమాఱు మాత్రమే పెట్రోలు మండి దెబ్బ కొట్టును. ఆ దెబ్బకును మఱియొక దెబ్బకును నడుమ బండిని సాగించునది లోపల తిరుగు బరువైన చక్రము. కుమ్మరి సారెను ఒక్కమాఱు త్రిప్పి వదలినచో అది చాలసేపు తిరుగును గదా, ఈ చక్రమును అట్టిదే. కావుననే ఆ చప్పుడులో దెబ్బ వేఱుగను, నిశ్శబ్దము వేఱుగను వినబడును. బరువుతో ఎగువ కెక్కునపుడు ఎడ్లజత యడుగువలె నిదానముగ లాగును.

దానిని కదలించుటయు నొక విద్యయే. పూర్వపు బుల్లెట్టునకు దీపముపైన అమ్మీటరు అను ముల్లు గల చిన్న గడియ యుండును. తాళము త్రిప్పి, కిక్కును మెల్లగ నొక్కుచు, ముల్లు నడిమికి వచ్చువఱకు చూడవలెను. పిదప ఎడమచేతి చిన్న మీటను నొక్కి లోపలి గాలిని వదలి, కిక్కును మఱికొంచెము దించి, మీట విడిచి, కిక్కును పైకి రానిచ్చి, అప్పుడు నిండుగ త్రొక్కవలెను. క్రమము తప్పినచో కిక్కు వెనుకకు తన్నును. ఆ దెబ్బకు చీలమండలు వాచినవారిని నే నెఱుగుదును. గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి. ఇతర బండ్లు నేర్చినవాడు దీని నెక్కి తడబడక తప్పదు.

మా గ్రామము దివిసీమకు ఎగువ నున్నది. నా చిన్నతనమున మా యూర నున్న ఒకే ఒక బుల్లెట్టు మా మేనమామది. ఆయన సైన్యములో హవల్దారుగా పనిచేసి వచ్చినవాడు. సైన్యమువారు పాత బండ్లను వేలము వేసినపుడు పాడుకొని తెచ్చుకొనెను. రంగు మిలిటరీ పచ్చ. చెఱువుగట్టుమీద దాని చప్పుడు వినబడగానే మేము బడి కిటికీలకు ఎగబ్రాకెడివారము. అర్ధరాత్రమున పురుటినొప్పులు వచ్చిన యింటివారు డాక్టరు కొఱకు మా మామ తలుపే తట్టెడివారు. 1977 నవంబరు 19వ తేదీన దివిసీమను ఉప్పెన ముంచినది మీలో పెద్దలు మఱవలేదు. మూడవనాడు మా మామ బియ్యపు మూటను వెనుక కట్టుకొని అవనిగడ్డ దారిని పట్టెను. దారి యున్నంత దూరము బండి నడచెను; దారి లేనిచోట దానిని విడిచి ఆయన నడచెను. ఆ వారమున అట్లెన్ని మాఱులు పోయి వచ్చెనో ఆయన ఎన్నడు లెక్క చెప్పలేదు.

ఇక్కడ బండి యిట్లు వృద్ధి పొందుచుండగా పుట్టినింట దీపము కొడిగట్టెను. ఇంగ్లాండున మోటారు సైకిళ్ల వ్యాపారము క్షీణించెను. జపాను దేశపు బండ్లు తేలికగను, చౌకగను, నూనె కార్చకయు నడచుచు అంగడి నాక్రమించెను. 1967లో రెడిచ్ కర్మాగారము మూతపడెను. 1970 ప్రాంతమున ఆ దేశమున నా వంశమే ముగిసెను. తిరువొత్తియూరున మాత్రము 1955 నాటి నమూనా ఇంచుమించు మార్పు లేకయే తయారగుచుండెను. 1977లో ఇచ్చటినుండి ఇంగ్లాండునకు, ఐరోపాకు బండ్ల నెగుమతి చేయసాగిరి.

పండితులకు ఇట్టి విషయము వింత కాదు. మూలగ్రంథము పుట్టినచోట నశించి, దూరదేశమున నొక లేఖకుడు వ్రాసికొన్న ప్రతి నిలుచుట తాళపత్రముల చరిత్రలో పలుమాఱులు జరిగినది. ఆ లేఖకుడు కవి కాకపోవచ్చును. చూచినది చూచినట్లు వ్రాయుటయే అతని పని. అట్లని అతనిని తక్కువ చేయరాదు. అతడు లేనిచో కావ్యమే లేదు. తిరువొత్తియూరు పనివాండ్రును అట్టి లేఖకులే. పెట్రోలు ట్యాంకులమీది బంగారు గీతలను సైతము యంత్రములతో గాక కుంచె పట్టి చేతితోనే గీచిరి.

మార్పు లేకుండుటలో దోషమును కలదు. నూనె కారుట, పొగ వదలుట, మాటిమాటికి మేస్త్రీ చేయి కోరుట ఆ బండికి సహజములు. 1980 తరువాత మన దేశమునను జపాను వారి తోడ్పాటుతో తేలిక బండ్లు వచ్చెను. బుల్లెట్టు గిరాకి తగ్గెను. 1990లో ఐషర్ అను సంస్థ ఇందు భాగస్వామి యయ్యెను. 1994లో యాజమాన్యము వహించెను. ఆ ప్రాంతముననే రాయల్ ఎన్‌ఫీల్డు అను పూర్వనామమే కంపెనీకి పెట్టబడెను. 2008 తరువాత పోత ఇనుప యంత్రము తొలగి క్రొత్త యంత్రము వచ్చెను. 2013లో ఒరగడములో మఱియొక కర్మాగారము నడువసాగెను. నేడు పట్టణములలో యువకులు ముచ్చటపడి కొనుచున్నారు. బుల్లెట్టు బండిమీద కట్టిన తెలుగు పాట యొకటి 2021లో పెండ్లి పందిళ్లలో మ్రోగెను.

ఇప్పుడు పాతబండ్ల సంగతి. వానిపై మక్కువ గలవారు రెండు తెగలు. మొదటి తెగవారు తుప్పు గీచి, విఱిగినదానికి బదులు అదే కాలపు భాగమును వెదకి తెచ్చి, తొలిరూపమును నిలుపుదురు. ఇది దేవాలయమునకు జీర్ణోద్ధరణము వంటిది. రెండవ తెగవారు చట్రము కోసి, చేతికఱ్ఱ లెత్తు చేసి, సైలెన్సరు మార్చి తమ యూహ కనుగుణముగ వేఱు బండిని చేయుదురు. అందును నేర్పు లేకపోలేదు. అది కావ్యములో ప్రక్షిప్తపద్యము లల్లుట వంటిది. పద్యము బాగుండవచ్చును గాని మూలము చెడును. బండి మూలలక్షణములను మార్చరాదని సుప్రీము కోర్టువారును 2019లో తీర్పు చెప్పిరి. అర్ధరాత్రమున వీథిలో పిడుగులు కురిపించు మార్పిడి సైలెన్సర్లను కొన్ని పట్టణములలో పోలీసువారు రోడ్డు రోలరుతో త్రొక్కించుచున్నారు. దానిని నేను నిందింపను.

పాతరూపము చెడకుండ నిలుపుకొన్నవారికి మాత్రము శాసనము దారి చూపినది. మొదటి రిజిస్ట్రేషను జరిగి 50 ఏండ్లు దాటి, గొప్ప మార్పులు పొందని రెండు చక్రముల, నాలుగు చక్రముల బండ్లను పురాతన వాహనములుగా నమోదు చేయుటకు కేంద్రప్రభుత్వము 2021లో నిబంధనలు చేసెను. వాని నంబరులో వి.ఎ. అను నక్షరము లుండును. అట్టి బండిని నిత్యపు తిరుగుడుకు, బాడుగకు వాడరాదు. ప్రదర్శనములకు, మరమ్మతునకు, ఇట్టి పనులకు మాత్రమే నడుపవలెను.

ఇక నా ఋణము. మా మామ 1996లో కాలధర్మము నొందెను. బండి రెండేండ్లు పశువుల కొట్టములో వానకు తడిసెను. అత్తయ్య నన్ను పిలిచి, "నాయనా, దీన్నేం చెయ్యమంటావు?" అని యడిగెను. ఇంట చదువుకొన్నవాడను నేనే. పాత యినుప సామానువానిని పిలిచి తూకమునకు అమ్మించితిని. అతడు దానిని సమ్మెటతో విఱుగగొట్టి సంచులలో వేసికొనిపోయెను.

తరువాత కొన్నాళ్లకు విజయవాడ ఆటోనగరులో మరమ్మతు దుకాణము పెట్టుకొన్న నా శిష్యు డొకడు వచ్చి ఆ బండిని గూర్చి యడిగెను. అమ్మితినని చెప్పితిని. అతడు చాలసేపు మాటలాడలేదు. పిమ్మట, "మాస్టారూ, ఇంజను మీద అక్షరాలుంటాయి. అవి చదివారా? అది ఇంగ్లాండులో పుట్టిన బండి అయి ఉండొచ్చు" అనెను. నేను చదువలేదు. చెదలు తిన్న తాళపత్రమున ఒక్క యక్షరము కొఱకు కన్నులు చిట్లించుకొని రాత్రులు గడిపిన నేను, మా యింటి కొట్టములోని యినుముమీది యక్షరములను వంగి చూడనైన లేదు. తామ్రశాసనమును కరగించి చెంబు పోయించుకొన్న రైతును మేము తరగతులలో నిందించెడివారము. అతనికి చదువు రాదు. నాకు వచ్చును.

అది రెడిచ్ బండియో, తిరువొత్తియూరు బండియో ఇక తేలదు. కాని ఉప్పెననాటి బియ్యపు మూటకు సాక్షి యదియే. ఆ సాక్షిని నేను తూకమునకు వేసితిని.

కాబట్టి పెద్దలారా, ఒక్క మనవి. మీ కొట్టములలో, వసారాలలో తాతలనాటి మోటారు సైకిలో, కారో, నూనె ఇంజనో పడియున్నచో, పాత యినుపవానిని పిలుచుటకు ముందు ఒక్కమాఱు గుడ్డతో తుడిచి దానిమీది యక్షరములను చదువుడు. రిజిస్ట్రేషను పుస్తకము దొరకినచో పెట్టెలో భద్రపఱచుడు. అది యెవరిది, ఎట్లు వచ్చెను, ఏ పనికి నడచెను అను సంగతిని మనుమల చేత ఒక కాగితముపై వ్రాయింపుడు. ఆపైని ఉంచుకొనుటయో అమ్ముటయో మీ యిష్టము. చదివి యమ్మినవానికి నా వలె పశ్చాత్తాప ముండదు.